ఏడో ఇంటి వెనక గుట్ట

నమోదు 2206

గాలి: పొద్దువైపు నుంచి, ఎప్పటిలాగే. వేడి: ఎప్పటిలాగే. నుసి: చాలా. మనుషులు: ఎప్పటిలాగే.

చివరి గడి కేంద్రం వాళ్ళు ఇచ్చిన పట్టీలో లేదు, నేను కలిపాను. కుంపటి అనే ఈ గ్రహం మీద వాతావరణం నమోదు చెయ్యమని నన్ను కూర్చోబెట్టారు. కానీ ఇక్కడి వాతావరణంలో సగం మనుషుల చలవే. ఎలాగూ కేంద్రంలో ఎవరూ చదవరు. చదివితే కదా మందలించేది.

ఇప్పుడే కప్పు మీద నుంచి దిగాను. ముక్కు చీదితే నుసి, దగ్గితే నుసి. సూటులోకి, లోబట్టల్లోకి, అన్నంలోకి అది దూరని చోటు లేదు. పొద్దు ఎన్నడూ వాలని పొద్దువైపు కరిగిన రాతిసముద్రం తెరిపి లేకుండా ఉడుకుతూ ఉంటుంది. మా వాళ్ళు దాన్ని పులుసు అంటారు. ఆ పులుసు ఆవిరి గాలిలో కొట్టుకొచ్చి, చల్లబడి, పసుపుపచ్చ రాతిపొడిగా మా నెత్తిన రాలుతుంది. పొడిగా ఉంటే బూడిద. ఒక్క చెమటచుక్క తగిలిందంటే మురిగిన గుడ్డు కంపుతో జిగురవుతుంది, కాసేపటికి రాయవుతుంది. నిన్న నా మెడ మీద కట్టిన పెచ్చులను మా చెల్లెలు ముత్యం, కదలకక్కా అంటూ చెంచాతో గీకింది. ఆ చెంచానే కడిగి మళ్ళీ పప్పులో వేశాం, వేరే చెంచా లేదు.

మావి ఏడు ఇళ్ళు, గాలివాలున ఒకదాని వెనక ఒకటి. మొదటిది భద్రం గారిది, ఆయన మాకు ప్రెసిడెంటు. మాది ఆరోది. ప్రతి ఇంటి కప్పు మీదా రెక్కలుంటాయి. ఇంట్లో వేడిని బయటికి కక్కేవి అవే. వాటి మీద నుసి పేరుకుంటే ఇల్లు పొయ్యి మీద కుండ అవుతుంది. కనుక రోజూ నుసిని తట్టలోకి ఎత్తి, తోపుడుబండి మీద పక్కనున్న గోతికి తీసుకెళ్ళి పారబోయాలి. అది నియమం. ఆచారం వేరు. గాలి ఊపందుకునేదాకా కాచుకుని, కర్రతో రెక్కల మీద నాలుగు బాదితే చాలు, నుసంతా లేచి వెనక ఇంటి మీద పడుతుంది. ఒకటో ఇల్లు రెండో ఇంటి మీదికి, రెండోది మూడో దాని మీదికి. అయిదిళ్ళ చెత్త నా కప్పు మీదికి వస్తుంది.

మూడో ఇంటి గవర్రాజు గారైతే పాట పాడుకుంటూ బాదుతాడు. నిన్న దారిలో ఎదురుపడితే నిలదీశాను. సూటు అద్దంలోంచి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"ఆయ్, గాలి కదండీ మాణిక్యం గారూ. మన చేతుల్లో ఏముందండీ?"

మా పూర్వీకులు గోదావరి జిల్లాల నుంచి వచ్చారట. నది రాలేదు, కొబ్బరితోటలు రాలేదు. ఈ మర్యాద మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది.

నమోదు 2211

గాలి: పొద్దువైపు నుంచి. వేడి: పెరిగింది. నుసి: చాలా. కంపు: సభ జరిగినందువల్ల ఎక్కువ.

భద్రం గారింట్లో సభ. విషయం నుసి. ఆయన ఇంటికి ముందు ఇల్లు లేదు కనుక ఆయన మీద ఆకాశం రాల్చింది తప్ప మరొకటి పడదు. గోడలు తళతళ మెరుస్తుంటాయి. ఆయన చేతులు జోడించి, సమష్టి బాధ్యత గురించి, పొరుగువాడిని ప్రేమించడం గురించి చాలాసేపు చెప్పారు. శ్రీరంగనీతులు. చెమటలు కారుతున్న పాతికమంది ఒకే గదిలో కూర్చుని తలలూపారు. నుసి అందరూ గోతిలోనే పోయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం చదువుతుండగానే పైన కప్పు మీద ఆయన కొడుకు కర్రతో బాదుతున్న చప్పుడు వినబడింది. ఎవరూ తల ఎత్తలేదు. భద్రం గారు మాత్రం గొంతు కొంచెం పెంచారు.

ఏడో ఇంటి సత్యవేణి సభకు రాలేదు. ఆమె మొగుడు గని దగ్గరే ఉండిపోతాడు, ఇంట్లో ఆమె ఒక్కతే. ఆమె రాకపోవడం అమర్యాదని అందరూ అనుకున్నారు.

నమోదు 2217

గాలి: పొద్దువైపు నుంచి, గట్టిగా. వేడి: ఇంట్లో మరీ ఎక్కువ. నుసి: మోకాలి దాకా.

ముత్యం పడిపోయింది.

మా చెల్లికి పుట్టుకతో చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. ఇల్లు కాస్త వేడెక్కితే మాకు చిరాకు, ఆమెకు ప్రాణగండం. మనుషుల వాసన భరించలేని నేను ఇన్నేళ్ళుగా ఒక మనిషితో ఒకే గదిలో ఉంటున్నానంటే అందుకే. ఈ ఊళ్ళో కంపు కొట్టని మనిషి ఆమె ఒక్కతే.

నేను గోతికి బండి తోసి వచ్చేలోగా ముందు అయిదిళ్ళూ వంతులేసుకున్నట్టు బాదాయి. తిరిగొచ్చేసరికి రెక్కలు కనబడటం లేదు. లోపల ముత్యం నేల మీద ఉంది, మొహం కందగడ్డలా ఎర్రగా ఉంది. తాగే నీళ్ళు తెచ్చి నెత్తిన పోసి, తడిగుడ్డ చుట్టి, కప్పెక్కాను. మళ్ళీ తట్టల్లోకి ఎత్తి, మళ్ళీ బండి తోసే ఓపిక లేదు, వ్యవధీ లేదు. కర్ర తీసుకున్నాను. బాదాను. నుసంతా లేచి, గాలిలో ఒకసారి తిరిగి, సత్యవేణి కప్పు మీదికి వెళ్ళింది. చాలా సులువుగా వెళ్ళింది. ఇంత సులువైన పని ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదా అని కూడా అనిపించింది.

కిందికి దిగాక, ఇంత తొందరగా ఎలా తీసేశావని ముత్యం అడిగింది. గాలి బాగా ఉందిలే అన్నాను. నా గొంతులో గవర్రాజు వినబడ్డాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ నా చేతుల్ని నేనే ముట్టుకోలేకపోయాను.

నమోదు 2224

గాలి: పొద్దువైపు నుంచి, మందంగా. బారోమీటరు: దిగుతోంది. ఆగకుండా.

పొద్దువైపు కొండ మీది కెమెరాలో పులుసు మీద తెట్టు కనబడింది. మొదట అక్కడక్కడా నల్లమచ్చలుగా ఉంది. ఇప్పుడు మచ్చలు కలిసిపోయాయి. చల్లారిన చారు మీద కట్టినట్టు, సముద్రమంతా తెట్టు.

ఇన్నాళ్ళూ పులుసు ఉడుకుతూ ఆవిరిని ఇటు తోసింది, అదే మా గాలి. తెట్టు కడితే ఆవిరి ఆగుతుంది. అప్పుడు పొద్దు ఎన్నడూ పొడవని చీకటివైపు పోగుపడ్డ చల్లగాలి వెనక్కి దొర్లుతుంది. ఇక్కడ ఇళ్ళు కట్టాక ఇలా ఎప్పుడూ జరగలేదు, కానీ లెక్కలో తేడా లేదు, మూడుసార్లు వేసుకున్నాను. ఇంకో అయిదారు రోజుల్లో గాలి తిరుగుతుంది.

భద్రం గారికి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. వేడి గురించి అడుగుతారేమో అనుకున్నాను.

"అంటే మాణిక్యం గారూ, మాదే చివరిల్లు అవుద్దాండీ?"

ఆ మాట ఏడిళ్ళకూ పాకింది. ఇక చూడాలి ఆ మర్యాదలు! మొన్నటిదాకా వెనకింటివాడి మొహం చూడనివాళ్ళు వెనకింటి తలుపు కొట్టి క్షేమం అడుగుతున్నారు. భద్రం గారు రెండో ఇంటికి ఊరగాయ పంపారు. గవర్రాజు నాలుగో ఇంటి ముసలాయన కాళ్ళు పిసికాడట. ఎప్పుడూ మొహం తిప్పుకునే అయిదో ఇంటివాళ్ళు నాకు తొట్టిలో పెంచుకున్న నాచుతో వడలు చేసి తెచ్చారు, నూనె ఓడుతూ, వాటిలోనూ నుసి కరకరలాడుతూ. ఛీ అనుకుంటూనే తిన్నాను. తిన్నాక నేనూ ఒక డబ్బాలో నాలుగు వడలు సర్దుకుని సత్యవేణి ఇంటికి బయల్దేరాను. ఎందుకు వెళ్తున్నానో నాకు బాగా తెలుసు. దారి పొడవునా నా మీద నాకే రోత పుట్టింది.

నమోదు 2225

గాలి: ఉందా లేదా అన్నట్టు. బారోమీటరు: దిగుతూనే ఉంది.

సత్యవేణి వడలు తీసుకుంది. కూర్చోమంది, ఆనక నన్ను వెనక కిటికీ దగ్గరికి పిలిచింది.

ఆమె ఇంటి వెనక, చీకటివైపు, గాలి తగలని మరుగులో ఒక గుట్ట ఉంది. ఇంటికంటే ఎత్తు. పసుపుపచ్చగా, మెత్తగా, ఎవరో జల్లెడ పట్టి పోసినట్టు. ఎన్నేళ్ళ నుసో, ఆరిళ్ళ నుసి. ముందు నుంచి చూస్తే ఇల్లు అడ్డం, అందుకే ఎవరికీ తెలియలేదు. అయినా ఏడో ఇంటి వెనక్కి ఎవరు వెళ్తారు?

"ఒక్కదాన్నీ ఇదంతా గోతికెక్కడ మోస్తానండీ? ఇంటెనకాల పోసుకున్నాను," అంది ఆమె. "పోస్తా పోస్తా ఉంటే ఓనాడు అనిపించిందండి, ఎప్పటికైనా గాలి తిరక్కపోద్దా అని. అప్పట్నుంచీ జాగ్రత్తగా దాస్తున్నానండి. మీరు పంపినియ్యే. మీకే చేరతాయి."

గొంతులో కోపం లేదు. అరువు తెచ్చిన పంచదార తిరిగిస్తానన్నట్టు చెప్పింది. గాలి తిరిగిన గంటలో ఆ గుట్ట లేస్తుంది. ఆనుకుని ఉన్న ఆమె కప్పు మీంచి ఎగిరి ముందు మా ఇంటి మీద, తరవాత మిగతావాటి మీద పడుతుంది. ఆ తుఫానులో కప్పెక్కి ఎవరూ దులపలేరు. మిగిలినవాళ్ళు ఉడికి, వాంతులు చేసుకుని, బతికితే బతుకుతారు. ముత్యం బతకదు.

"మా చెల్లికి చెమట పట్టదు సత్యవేణీ," అన్నాను.

"ఎరుగుదునండి. నాకు జొరమొచ్చినప్పుడు ఈ ఏడిళ్ళలో వచ్చి కూర్చుంది ఆవిడొక్కతే." వడల డబ్బాకు మూత బిగించి అర మీద పెట్టింది. "మొన్న మీ కప్పు మీంచి కర్ర చప్పుడు ఇన్నానండి. అంతకుముందు ఎప్పుడూ ఇన్లేదు. మీరూనా అనుకున్నాను."

నా దగ్గర ఉన్న ఒక్క జవాబూ ఊరంతా వాడి వాడి అరగదీసిందే.

ఆ గుట్టను గోతికి మోయాలంటే నెలలు పడుతుంది. మిగిలిన దారి ఒకటే, తడపడం. తడిసిన నుసి రాయవుతుంది, నా మెడే సాక్ష్యం. కానీ అంత గుట్ట పైపొర గట్టిపడాలన్నా డ్రమ్ములకొద్దీ నీళ్ళు కావాలి. నీళ్ళు ఇంటింటికీ కొలిచి ఇచ్చేవి. ఏడిళ్ళూ తలా ఇంత తీస్తే తప్ప కుదరదు. ఆ మాటే చెప్పి బతిమాలాను. నేను ఎవరినీ బతిమాలే మనిషిని కాదు.

ఆమె కిటికీ మూసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ముత్యం గారి కోసం తడుపుతానండి. కానీ ఒక్కటి. ఇన్నాళ్ళూ గాలితో పంపారు. నీళ్ళు మటుకు చేతుల్తో మోసుకురమ్మనండి. మా గుమ్మంలోకి."

నమోదు 2227

గాలి: లేదు. నుసి: నిట్టనిలువుగా రాలుతోంది. కంపు: రాయడానికి మాటలు చాలవు.

నిన్న సభ పెట్టించి గుట్ట సంగతి చెప్పగానే గోల లేచింది. సత్యవేణిని తిట్టినవాళ్ళు తిట్టారు. తిట్టడం అయ్యాక తలా ఒకటో రెండో డ్రమ్ములు ఇస్తామన్నారు. మంచినీళ్ళే ఇస్తామని ఎవరూ అడగకుండానే ఎవరికివారు ప్రకటించారు. భద్రం గారైతే గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

ఇవాళ డ్రమ్ములు వచ్చాయి. మూతలు బిగించి, పైన గుడ్డలు కట్టి, పెళ్ళికి సారె తెచ్చినట్టు ఊరేగింపుగా తెచ్చారు. సత్యవేణి గుమ్మం లోపల నేను ఒక్కొక్క మూతా తీశాను.

భద్రం గారి డ్రమ్ముల్లో తొట్టి అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లబురద. రెండో ఇంటిది అంట్లనీళ్ళు, పైన చల్లారిన నూనె పేరుకుని ఉంది. గవర్రాజు కుళ్ళిన నాచుతొట్టి మొత్తం వంపి తెచ్చాడు, తీగలు తీగలుగా సాగుతోంది. నాలుగోది బట్టలుతికిన నీళ్ళు, జుట్టు ఉండలతో సహా. అయిదోది ఏమిటో నేను రాయను. మూత తియ్యకముందే తెలిసింది. అందరిదీ ఒకటే ఆలోచన. మిగతా ఇళ్ళవాళ్ళు ఎలాగూ మంచినీళ్ళు తెస్తారు, మనది కలిసిపోతుంది. తిలాపాపం తలా పిడికెడు. నోటిదాకా వాంతి వచ్చింది, మింగేశాను. బయటికి పోనిస్తే సూటు కడగడానికి మళ్ళీ నీళ్ళు కావాలి.

అందరూ ఒకరి డ్రమ్ము వైపు ఒకరు చూసి ముక్కులు మూసుకున్నారు. ఎవరి డ్రమ్ము దగ్గర వాళ్ళు మాత్రం హాయిగా నిలబడ్డారు.

నేనేమీ పెద్ద పుణ్యాత్మురాలిని కాదు. మా ఇంటి నుంచి స్నానాల నీళ్ళు తెమ్మని ముత్యానికి చెప్పి వచ్చాను. ఆమె తెచ్చిన డ్రమ్ము మూత తీస్తే ఏ వాసనా లేదు. అడుగుదాకా కనబడుతోంది.

"మన మంచినీళ్ళు అక్కా," అంది. "స్నానాల నీళ్ళు ఉంచాను. వడగట్టి, కాచుకుని తాగుదాంలే."

అందరి ముందూ ఆమెను చీవాట్లు పెట్టాను. సత్యవేణి ఆ డ్రమ్ము పక్కన పెట్టి, మిగతావన్నీ గొట్టానికి తగిలించింది. గొట్టం మోయడానికి ప్రెసిడెంటు దగ్గర్నుంచి అందరినీ నిలబెట్టింది. గాలి ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో, మసక ఎరుపు వెలుతురులో, ఊరి మురికినంతా ఊరే ఆ గుట్ట మీద కుమ్మరించింది. నుసి బుసబుసమని పొంగింది, బుడగలు లేచాయి. నాచుజిగురు పట్టుకుంది, బురద పూడుకుంది, నూనె పైన పొరకట్టింది. చెప్పడానికి రోతే అయినా ఒప్పుకోక తప్పదు, మంచినీళ్ళైతే అంత గట్టిగా పట్టేది కాదు.

శిఖరం మీద ఒక్క బారెడు చోటు పొడిగా మిగిలింది. డ్రమ్ములన్నీ ఖాళీ. అప్పుడు ముత్యం డ్రమ్ము ఎత్తి అక్కడ పోసింది సత్యవేణి.

నమోదు 2230

గాలి: చీకటివైపు నుంచి. చాలా గట్టిగా.

తిరిగింది. ఇళ్ళు మూలిగాయి. గోడకి వీపు ఆనించి, ముత్యం తల ఒళ్ళో పెట్టుకుని, వేడిమీటరు చూస్తూ కూర్చున్నాను. ముల్లు రెండు గీతలు పెరిగింది. ఇంకో గీత పెరిగింది. ముత్యం బుగ్గలు ఎర్రబడుతున్నాయి. కప్పు మీద నుసి రాపిడి గరగరమంటోంది, ఇళ్ళ మధ్య సందుల్లో పేరుకున్నదంతా లేచింది. ఇక గుట్ట రావాలి. కాచుకుని కూర్చున్నాను.

రాలేదు. గరగర తగ్గింది. ముల్లు ఆగింది, నెమ్మదిగా వెనక్కి జరిగింది. చల్లగాలి రెక్కలకు తగులుతోంది. ముత్యం కళ్ళు తెరిచి, దాహమంది. వడగట్టిన నా స్నానం నీళ్ళు ఇచ్చాను. మొహం కూడా చిట్లించకుండా తాగింది. నేను ఏడ్చాను. సిగ్గేమీ లేదు.

నమోదు 2233

గాలి: చీకటివైపు నుంచి, నిలకడగా. వేడి: తక్కువ. నుసి: లేదు.

గుట్ట రాయిలా నిలబడింది, కానీ కుళ్ళుతోంది. పొద్దువైపు గాలిలో గంధకం ఒక్కటే ఉండేది. ఇప్పుడు గాలి ఆ గుట్టను ఒరుసుకుంటూ ఏడిళ్ళ మీదుగా పోతోంది. సూటు వేసుకుని బయటికెళ్ళి లోపలికొచ్చిన ప్రతివాడూ దాన్ని వెంటబెట్టుకొస్తున్నాడు. నాచు, నూనె, బురద, జుట్టు, అయిదో ఇంటిది. అన్నం ముందు కూర్చుంటే అదే, పక్కమీద పడుకుంటే అదే. గవర్రాజు ఈ కంపు నాలుగో ఇంటిదంటాడు. నాలుగో ఇల్లు అయిదో ఇంటిదంటుంది. ఆకాశం మీద ఉమ్మేసి మొహం తుడుచుకుంటూ, ఇది ఎవరి ఉమ్మి అని ఒకరినొకరు అడుగుతున్నారు.

అందరికంటే చివర ఉన్న భద్రం గారికి అందరిదీ కలిపి చేరుతోంది. ఇవాళ ఆయనే స్వయంగా సత్యవేణి ఇంటికి వచ్చారు. ముత్యమూ నేనూ అక్కడే ఉన్నాం. ఆయన కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, మూడు రోజులుగా కడుపులో ఏమీ నిలవలేదట. ఆ గుట్టను ఎలాగైనా ఇక్కణ్ణుంచి తీయించాలని, ఊరి ఆరోగ్యం దృష్ట్యా ఇది ఆమె బాధ్యతని, చేతులు జోడించి చాలా మర్యాదగా చెప్పారు.

సత్యవేణి ఆయనకు కుర్చీ వేసింది. అప్పుడు నేనిచ్చిన డబ్బాలోని వడ ఒకటి పళ్ళెంలో పెట్టి చేతికిచ్చింది. ఆనక తనూ చేతులు జోడించింది.

"ఆయ్, గాలి కదండీ," అంది. "మన చేతుల్లో ఏముందండీ?"

భద్రం గారు పళ్ళెం ముక్కుకు దూరంగా జరిపి పట్టుకున్నారు. ముత్యం పైకే నవ్వేసింది.

కంపు: మాదే.